నెవ్ పర్టెల్ గ్రేడర్ తిప్పే చోటు

నెవ్ పర్టెల్‌కి మా షైర్ పొలిమేర అవతల ఒక ఆవిడ ఉందని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఎంతగా తెలుసంటే, బేకరీ ముందు రొట్టె కోసం నిలబడినవాళ్ళు ఆ మాట ఎత్తేటప్పుడు గొంతు కూడా తగ్గించరు.

"నిన్న మళ్ళీ వెళ్ళాడట."

"గ్రేడర్ మీదేనా?"

"గ్రేడర్ మీదే. ఈ వయసులో పూలు పట్టుకెళ్తాడా ఏమిటి? రోడ్డు చదును చేసుకుంటూ వెళ్ళాడు."

"మా ఆయన పెళ్ళికి ముందు నాకోసం కారు తలుపు కూడా తీసి ఎరగడు. ఈయన్ని చూడు, ఏకంగా రోడ్డే వేస్తున్నాడు!"

సాక్ష్యం కూడా ఉంది. డింగో క్రీక్ రోడ్డు మీద ఊరి నుంచి తూర్పుగా నలభై కిలోమీటర్లు వెళ్తే మా చిన్న ఊళ్ళ పాలన చూసే గరాబిన్ షైర్ అయిపోయి వెస్ట్‌లీ సిటీ కౌన్సిల్ మొదలవుతుందని చెప్పే బోర్డు ఒకటి కనబడుతుంది. నెవ్ గ్రేడర్ మా షైర్‌ది. కాబట్టి చదును అక్కడ ఆగిపోవాలి. ఆగదు. బోర్డు దాటి ఇంకో రెండు కిలోమీటర్ల దాకా రోడ్డు దువ్విన జుట్టులా ఉంటుంది. సరిగ్గా ఓల్విన్ షీథర్ గారి తెల్ల గేటు దగ్గర, కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. గేటు దాటగానే మళ్ళీ రాళ్ళూ గుంతలూ. ఓల్విన్ భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. నెవ్ పెళ్ళి చేసుకోలేదు. ఇంతకంటే ఏం కావాలి మా ఊరికి?

నేను షైర్ ఆఫీసులో ముందు బల్ల దగ్గర కూర్చుంటాను. అమ్మకి ఒంట్లో బాగులేక పదో తరగతి మధ్యలో బడి మానేశాను. అప్పటి షైర్ గుమాస్తా నా దస్తూరి చూసి ఇక్కడ పెట్టింది. ఫోనులు ఎత్తుతాను, సమావేశాల్లో జరిగింది రాస్తాను. నెవ్ రోజూ ఉదయం ఆరున్నరకి తాళం చెవి కోసం నా దగ్గరికే వచ్చేవాడు. "గుడ్ మార్నింగ్" అంటే తల ఊపేవాడు. సాయంత్రం తాళం చెవి తిరిగి ఇచ్చి, రోజులో చెప్పాల్సినదంతా ఒక్క మాటలో చెప్పేవాడు. "దుమ్ము" అనో, "తడి" అనో.

ఆయన పుట్టింది మా యంత్రాల షెడ్డు వెనక ఇంట్లో. పదిహేడో ఏట పార పట్టుకుని షైర్‌లో చేరాడు. బెర్ట్ హనీమన్ అనే పాత గ్రేడర్ డ్రైవరు ఆరేళ్ళు పక్కన నిలబెట్టుకుని, ఏడో ఏట గానీ సీటు మీద కూర్చోనివ్వలేదట. రోడ్డు చదునో కాదో కళ్ళతో చూస్తే తెలియదు, కూర్చున్న చోట తెలియాలి అనేవాడట బెర్ట్. ఈ విద్య నెవ్‌కి ఎంత బాగా పట్టుబడిందంటే, బేకరీలో కుర్చీ ఒక కాలు పొట్టిదైతే కూర్చోగానే లేచి, కాగితం మడిచి దాని కింద పెట్టి మరీ కూర్చుంటాడు.

ఆరు చక్రాల పసుపు బండి అది. పొట్ట కింద రెండు బారల బ్లేడు. గంటకి ఏడెనిమిది కిలోమీటర్ల వేగం. ఆ వేగంతో ముప్ఫై నాలుగేళ్ళు తిరిగిన మనిషికి రోడ్డు పక్క తెలియని చెట్టు ఉండదు. ఎదురుగా వచ్చే ప్రతి బండికీ స్టీరింగ్ మీద నుంచి చూపుడు వేలు ఒక్కటి లేపుతాడు. కొత్తగా ఊరికి వచ్చిన టీచరమ్మ మొదటివారం ఆ వేలు చూసి, తనని ఏదో హెచ్చరిస్తున్నాడనుకుని బండి ఆపేసింది. నెవ్ కూడా ఆపాడు. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత నెవ్ ఇంకోసారి వేలు లేపి వెళ్ళిపోయాడు.

ఎండాకాలం మొదట్లో పొట్టితోక బల్లులు రోడ్డు మధ్యకి వచ్చి ఎండ కాచుకుంటాయి. గ్రేడర్ ఆపి, దిగి, ఒక్కోదాన్నీ టోపీలో వేసుకుని అవతల గట్టున వదిలి వస్తాడు. ఒకసారి ప్లోవర్ పిట్ట ఒకటి సరిగ్గా రోడ్డు నడిమధ్య గుడ్లు పెట్టింది. నెవ్ దాని చుట్టూ నాలుగు గజాలు వదిలేసి, పక్కన నారింజ రంగు ట్రాఫిక్ కోన్ నిలబెట్టి, మిగతా రోడ్డంతా చదును చేశాడు. ఆరు వారాలు కార్లూ, గొర్రెల లారీలూ ఆ పిట్ట చుట్టూ ప్రదక్షిణం చేసి వెళ్ళాయి. మా జనరల్ మేనేజర్ ట్రెవర్ మబ్బట్ దీని మీద నెవ్‌కి మొదటి లిఖిత హెచ్చరిక ఇచ్చాడు. ఆ కాగితం టైపు చేసింది నేనే. "పక్షి కారణంగా" అన్న చోట నాకు నవ్వొచ్చి రెండుసార్లు తప్పు కొట్టాను.

రెండో హెచ్చరిక వస్తే మనిషిని యంత్రం మీంచి దింపేస్తారు. అది రూలు.

షైర్‌కీ కౌన్సిల్‌కీ తేడా ఏమిటని ఆ టీచరమ్మే ఒకసారి మా షెడ్డులో పదిగంటల టీ దగ్గర అడిగింది. మా షెడ్డు ఫోర్‌మన్ స్పడ్ కోర్కోరన్ బిస్కెట్టు టీలో ముంచి, అది విరిగి పడిపోయేంతసేపు ఆలోచించాడు.

"రోడ్డు మీద గొయ్యి పడిందనుకో. ఎవణ్ణి తిట్టాలో పేరు తెలిసి, వాడి ఇంటికెళ్ళి తిట్టగలిగితే అది షైర్. తిట్టడానికి ముందు ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటే అది కౌన్సిల్."

"మరి గొయ్యి పూడుస్తారా?"

"ఆఁ, అక్కడ రెండింటికీ తేడా లేదు."

నవ్వులు. నెవ్ మాత్రం నవ్వలేదు. "నేను పూడుస్తాను" అన్నాడు. ఆ రోజు కోటా మాట అయిపోయింది.

వెస్ట్‌లీలో అద్దాల మేడ ఉంది, లిఫ్టు ఉంది, రోడ్లకి వేరే శాఖ ఉంది. మాకు రెండు గ్రేడర్లు, ఒక నీళ్ళ ట్యాంకరు, వెయ్యి కిలోమీటర్ల ఎర్రమట్టి రోడ్డు ఉన్నాయి. ఆ ఏడాది సిడ్నీ నుంచి మళ్ళీ విలీనం మాట వచ్చింది. చిన్న షైర్లన్నిటినీ పెద్ద కౌన్సిళ్ళలో కలిపేస్తారట. ట్రెవర్ అప్పటి నుంచి వెస్ట్‌లీ వాళ్ళ ఫోనొస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవాడు.

అలాంటి సమయంలో వచ్చింది ఆ ఉత్తరం. వెస్ట్‌లీ రోడ్ల శాఖకి కొత్తగా వచ్చిన ఇంగ్లిస్ అనే ఇంజనీరు పంపాడు. సరిహద్దు బోర్డుకి అవతల, తమ పరిధిలో, తమ అనుమతి లేకుండా, గరాబిన్ షైర్ యంత్రంతో రోడ్డు బాగుచేయబడినట్టు తమ దృష్టికి వచ్చిందట. ఇది పునరావృతం కాకూడదట.

స్పడ్ ఆ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాడు. "అంటే రోడ్డు బాగుందని మన మీద ఫిర్యాదా?"

"అనుమతి లేకుండా బాగుంది" అన్నాడు ట్రెవర్. అతను నవ్వడం లేదు. నెవ్‌ని పిలిపించి, గ్రేడర్ తాళం చెవి తీసుకుని తన సొరుగులో పెట్టాడు. విచారణ అయ్యేదాకా నెవ్ సమాధుల తోటలో గడ్డి కోయాలి.

పదకొండు రోజులు నెవ్ ఆ చిన్న గడ్డి యంత్రం మీద కూర్చుని సమాధుల మధ్య తిరిగాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. ఎదురొచ్చిన కార్లకి వేలు లేపలేదు. ఉదయం ఆరున్నరకి మాత్రం అలవాటుగా నా బల్ల దగ్గరికి వచ్చి, తాళాల పలక మీద ఖాళీ మేకు చూసి, తల ఊపి వెళ్ళిపోయేవాడు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. గ్రేడర్ మీంచి శాశ్వతంగా దింపేస్తే ఇంకో విద్య రాదు. ఈలోగా రోడ్ల మీద అడ్డంగా దువ్వెన పళ్ళలా గట్లు లేచాయి. పోస్టు బండి తోలే ఆవిడ తన కట్టుడు పళ్ళు తీసి అరలో పెట్టుకుని వెళ్తున్నానని నాకు ఫోనులో చెప్పింది. పళ్ళు లేకుండానే చెప్పింది కాబట్టి నమ్మాను.

బేకరీకి మాత్రం పండగ. ప్రేమకోసం ఉద్యోగం పోగొట్టుకుంటున్నాడని కొందరు, ఆవిడే వద్దందని కొందరు.

పన్నెండో రోజు విచారణ. గదిలో ట్రెవర్, వెస్ట్‌లీ నుంచి వచ్చిన ఇంగ్లిస్, నెవ్, నెవ్ తరఫున స్పడ్. రాయడానికి నేను. ఇంగ్లిస్ ముప్ఫై ఏళ్ళ కుర్రాడు. బూట్ల మీద రవ్వంత దుమ్ము లేదు.

"నెవ్, నువ్వు షీథర్ గారి గేటు దాకా వెళ్తున్న మాట నిజమేనా?" అని అడిగాడు ట్రెవర్.

"నిజమే."

"బ్లేడు దించుకునా?"

"ఎత్తుకుని వెళ్తే రోడ్డెలా అవుతుంది?"

"అక్కడ ఏం చేస్తావు?"

"టీ తాగుతాను."

ట్రెవర్ ఇంగ్లిస్ వైపు చూశాడు. ఇంగ్లిస్ కిటికీ వైపు చూశాడు. స్పడ్ చేత్తో మొహం కప్పుకుని, "ఒరేయ్ నెవ్, కొంచెం చుట్టూ తిప్పి చెప్పడం నేర్చుకోరా" అన్నాడు.

"మా లెక్క ప్రకారం" అన్నాడు ఇంగ్లిస్ తన ఫైలు తెరిచి, "ఆ భాగాన్ని మా సిబ్బంది ఏటా మార్చిలో, సెప్టెంబరులో చదును చేస్తున్నారు. కనుక మీ పని అనవసరం కూడా."

నెవ్ మొదటిసారి తల ఎత్తాడు. "మార్చిలో నేను అక్కడే ఉన్నాను. మీవాళ్ళు కనబడలేదే. పెద్ద బండి కదా, కనబడాలి."

ఇంగ్లిస్ పేజీ తిప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ట్రెవర్ తొందరగా ముగించాలనుకున్నాడు. హెచ్చరిక కాగితంలో రాయాల్సిన వాక్యం నాకు చెప్పడం మొదలుపెట్టాడు. "షైర్ సరిహద్దు దాటి ఇన్ని మీటర్ల మేర..."

నేను ఆగాను. సమావేశాల్లో నేను ఎప్పుడూ నోరు తెరవను. కానీ అక్కడ అంకె లేకుండా రాయలేను. "ఎన్ని మీటర్లని రాయమంటారు?" అన్నాను.

ఎవరికీ తెలియదు. రెండు కిలోమీటర్లని స్పడ్, ఒకటిన్నర అని ట్రెవర్. ఉజ్జాయింపు అంకె వేస్తే తమ న్యాయశాఖ ఒప్పుకోదని ఇంగ్లిస్. కారులో కొలత పరికరం ఉందట, వెళ్ళి కొలుద్దామన్నాడు.

ఆ పరికరం ఎక్కించుకుని, అందరం ట్రెవర్ కారులో కిక్కిరిసి బయలుదేరాం. పదకొండు రోజులుగా బ్లేడు తగలని రోడ్డు. ట్రెవర్ తల నాలుగుసార్లు కప్పుకి తగిలింది. నెవ్ వెనక సీట్లో నా పక్కన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ప్రతి కుదుపుకీ దెబ్బ తనకే తగిలినట్టు మొహం పెట్టాడు.

బోర్డు దగ్గర దిగాం. ఇంగ్లిస్ మూడు కాళ్ళ కర్ర పాతి, దాని మీద పుట్టగొడుగులాంటి పరికరం బిగించి, చేతిలోని తెర మీద సరిహద్దు పటం చూశాడు. కర్ర పీకి రెండడుగులు జరిపాడు. మళ్ళీ చూశాడు. పరికరాన్ని ఆపి, తుడిచి, మళ్ళీ పెట్టాడు.

"ఏమైంది?" అన్నాడు ట్రెవర్.

"సరిహద్దు ఇక్కడ కాదంటోంది."

"మరెక్కడ?"

ఇంగ్లిస్ తూర్పుగా చెయ్యి చూపించాడు. మళ్ళీ కారెక్కి, ఆగుతూ కొలుస్తూ, ఆగుతూ కొలుస్తూ వెళ్ళాం. చివరికి తెల్ల గేటు దగ్గర, గేటు స్తంభానికి రెండడుగులు ఇవతల పరికరం కీచుమంది. మా అలికిడికి అప్పటికే ఓల్విన్ షీథర్ వరండా దిగి వస్తోంది. డెబ్బై నాలుగేళ్ళావిడ, చేతిలో టీ కెటిల్, వెనక ఆరు బాతులు.

"వెస్ట్‌లీ నుంచి వచ్చింది ఎవరు?" అంది రాగానే.

"నేనండీ" అన్నాడు ఇంగ్లిస్.

"పదిహేను సార్లు ఫోన్ చేశాను నాయనా, ఆ గుంతల గురించి. ప్రతిసారీ లైనులో ఉండమని ఒక పాట వినిపిస్తారు. ఇప్పుడది నాకు నోటికి వచ్చేసింది. పాడమంటావా?"

"గేటుకి అవతల ఉన్న గుంతలేనాండీ?"

"గేటుకి అవతల! మీ వైపు! ఇటువైపు ఎందుకుంటాయి? ఇటు నెవ్ చూసుకుంటాడుగా. ఇంటి పన్ను కట్టేది మీకూ, రోడ్డు వేసేది వాళ్ళూ. ఏనాడన్నా ఇటు వచ్చి చూశారా అని అడుగుదామనే ఫోన్ చేశాను."

ఇంగ్లిస్‌ని ఈ రోడ్డుకి రప్పించింది ఆవిడ ఫోనులే అని నాకు అప్పుడు అర్థమైంది. అతను గేటు అవతలి గుంతలు చూడ్డానికి వచ్చి, ఇవతల చదును చూసి ఉత్తరం రాశాడు.

ట్రెవర్ నెవ్ వైపు తిరిగాడు. "సరిహద్దు ఇక్కడని నీకు తెలుసా?"

"బెర్ట్ ఇక్కడ తిప్పమన్నాడు. తిప్పుతున్నాను."

"మరి ఆ బోర్డు?"

"నేను బోర్డులు చదవను. అవి కార్లవాళ్ళకి కదా."

"విచారణలో ఈ మాట ఎందుకు చెప్పలేదయ్యా?"

"గేటు దాకా ఎందుకు వెళ్తావని నువ్వు అడగలేదు. అక్కడ ఏం చేస్తావని అడిగావు."

ఈలోగా ఇంగ్లిస్ బూటుతో రోడ్డు పక్క కంకర తోస్తున్నాడు. బూటు ఎర్రగా అయిపోయింది. కంకర కింద నల్లటి ఇనుపరాయి, ఆ రాతిలో విరిగిన ఇనుప స్తంభం మొదలు ఒకటి, తుప్పు పట్టి, బొటనవేలంత ఎత్తున బయటపడింది. ఎప్పటిదో పాత బోర్డు స్తంభం.

అందరం దాని వైపు చూశాం. స్పడ్ తప్ప. స్పడ్ చెట్టు మీది మాగ్‌పై పిట్టలను లెక్కపెడుతున్నాడు.

"స్పడ్" అన్నాడు ట్రెవర్.

"ఆఁ."

"ఇటు చూడు."

స్పడ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఆ పెద్ద కరువు ఏడాదండీ. గడ్డి లారీ ఒకటి బోర్డుని గుద్దింది. మళ్ళీ పాతమని నన్నూ ఇంకొకణ్ణీ పంపారు. ఇక్కడ చూస్తే ఈ రాయి. గడ్డపార దించితే ఎగిరి మొహం మీదకి వస్తోంది. అప్పుడే టీ వేళయింది. బోర్డు ట్రక్కులో పడేసుకుని, వెనక్కి వస్తూ, మెత్తగా ఉంటుందేమోనని అక్కడక్కడా పొడిచి చూశాం. అదిగో, అక్కడ దిగింది."

"దాదాపు రెండు కిలోమీటర్లు వెనక్కా?"

"ఆ ఏడాది నేల చాలా గట్టిగా ఉండేది ట్రెవర్."

ఓల్విన్‌కి నవ్వాగలేదు. కెటిల్ గేటు స్తంభం మీద పెట్టి, రెండు చేతులతో గేటు పట్టుకుని నవ్వింది. బాతులు బెదిరి అరవడం మొదలుపెట్టాయి. ఇంగ్లిస్ పరికరం విప్పుతూ, తల వంచుకుని, తన భుజాలు అదరడం ఎవరూ చూడకుండా నిలబడ్డాడు. నాకు కనబడింది.

"మరి మార్చిలో, సెప్టెంబరులో మీవాళ్ళు చదును చేసిన రోడ్డు?" అన్నాడు ట్రెవర్ అతనితో. విలీనం మాట వచ్చాక ట్రెవర్ వెస్ట్‌లీ మనిషితో బెరుకు లేకుండా మాట్లాడడం అదే మొదలు.

"నేను వెళ్ళాక కనుక్కుంటాను" అన్నాడు ఇంగ్లిస్. నెవ్ వైపు తిరిగాడు. "ఒక్కటి అడగనా? నీళ్ళు మధ్యలో నిలవకుండా పక్కకి ఎలా పోతున్నాయి? మా రోడ్లమీద నిలుస్తాయి."

నెవ్ అరచెయ్యి బోర్లించి, మధ్యలో కొంచెం ఎత్తు చేసి చూపించాడు. "నడుము" అన్నాడు. "రోడ్డుకి నడుముండాలి. బ్లేడు వాలుగా పెట్టు." ఒకే రోజులో ఆయన అన్ని మాటలు మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

టీ అందరికీ సరిపోలేదు. ఓల్విన్ మొదట నెవ్‌కి పోసింది, చక్కెర అడక్కుండానే రెండు చెంచాలు వేసింది. నెవ్ తాగి, కప్పు గేటు స్తంభం మీద బోర్లించి, తల ఊపాడు. ఆవిడ కూడా ఊపింది. ముప్ఫై నాలుగేళ్ళలో, ఆవిడ భర్త బతికున్న రోజులతో కలిపి, ఆ గేటు దగ్గర ఆరు వారాలకోసారి జరిగింది ఇంతేనో, ఇంకేమైనా ఉందో నేను చెప్పలేను. గేటు మాత్రం ఎప్పుడూ మూసే ఉంటుందట. బాతులు బయటికి వస్తాయని.

ఆఫీసుకి రాగానే ట్రెవర్ సొరుగు తీసి, తాళం చెవి నా బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. నెవ్ వచ్చి తీసుకున్నాడు. సాయంత్రం నాలుగైంది, పని వేళ దాటిపోయింది. అయినా గ్రేడర్ స్టార్టు చేసి, షెడ్డు ముందు మట్టి ఒకసారి చదును చేసి, మళ్ళీ లోపల పెట్టాడు.

బేకరీలో మర్నాడు కథ మారింది. నెవ్ ప్రేమ ఎంత గొప్పదంటే జనరల్ మేనేజరు, వెస్ట్‌లీ ఇంజనీరు స్వయంగా వెళ్ళి ఆవిడతో మాట్లాడి వచ్చారట. సంబంధం ఖాయమట. కావాలంటే షైర్ ఆఫీసులో ఆ అమ్మాయిని అడగండి, అదీ వెళ్ళిందిగా అన్నారు. నన్ను అడిగారు కూడా. నేను రొట్టె తీసుకుని వచ్చేశాను. మధ్యాహ్నం కూర్చుని, సమావేశాల పుస్తకంలో ముందు రోజు వదిలేసిన ఖాళీలో ఇంగ్లిస్ ఇచ్చిన అంకె వేసి, వాక్యం పూర్తిచేశాను. డింగో క్రీక్ రోడ్డులో, బోర్డు నుంచి షీథర్ గారి గేటు వరకు ఉన్న వెయ్యీ ఎనిమిది వందల నలభై మీటర్లు గరాబిన్ షైర్‌వి.